బావ నియమాలు, నా యంత్రం

ఎవరో రాసిన ఆజ్ఞను చదవకుండా, రాసినవాడెవడో కనుక్కోకుండా, నడుస్తున్న యంత్రంలోకి నేరుగా ఎక్కించి "ఇక కానీ" అనే రకమా మీరు? కాదంటారు. నాకు తెలుసు, అందరూ కాదనే అంటారు. మరి మంగళవారం గోళ్లు తీసుకోబోయి ఆగిన చెయ్యి ఎవరిది? తుమ్ము వినబడగానే గడపలో నిలబడిపోయిన కాలు ఎవరిది? ఆ ఆజ్ఞ మీలోకి ఎక్కించినవాడి పేరు చెప్పండి చూద్దాం. చెప్పలేరు. నేనూ చెప్పలేను. కానీ అలాంటి ఆజ్ఞలు అడ్డూ ఆపూ లేకుండా ఎక్కించుకునే యంత్రాన్ని నా చేతులతో నేనే తయారుచేశాను కాబట్టి, ఆ సంగతి చెప్పే హక్కు నాకుంది.

నేను విజయనగరం దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పాఠాలు లేనప్పుడు హేతువాద సభల్లో మాట్లాడతాను. జంధ్యం చదువుకునే రోజుల్లోనే తీసేశాను. మా అక్కనిచ్చిన బావ దీనికి సరిగ్గా ఎదురు. శ్రీకూర్మంలో ఉంటాడు, తరతరాలుగా ఆలయ సేవలో ఉన్న ఇల్లు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకు ముహూర్తాలు పెట్టి, తనే చేయించి బతుకుతాడు. మేమిద్దరం కలిస్తే మా అక్క ముందు వీధి తలుపు వేస్తుంది, మా కేకలు పక్కింటికి వినబడకుండా.

ఒకసారి బావ అడిగాడు. "ఏవోయ్, నీ చదువు మాకేమైనా పనికొస్తుందా? పంచాంగం తిప్పీ తిప్పీ కళ్లు పోతున్నాయి. ముహూర్తాలు వెతికే ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టు."

"మూఢనమ్మకాన్ని నా చేత్తో రాయను బావా."

"నువ్వు నమ్మమన్నానా? రాయమన్నాను."

"రాయడం అంటే ఒప్పుకోవడమే."

"పోనీ చంద్రుడు ఎక్కడున్నాడో లెక్కకట్టగలవా?"

అది కట్టగలను. చంద్రుడు ఎక్కడున్నాడో లెక్కకట్టడం సైన్సు. అక్కడున్నందుకు పెళ్లి వద్దనడం బావ. ఈ తేడా నాకు చాలా నచ్చింది. దాని మీదే నా ప్రోగ్రాం అంతా కట్టాను. తిథి, వారం, నక్షత్రం, గ్రహాలు కనబడే రోజులు, కనబడని రోజులు, ఇవన్నీ నేను లెక్కకట్టి ఇస్తాను. ఏ రోజు మంచిది, ఏ రోజు చెడ్డది అన్నది మాత్రం నేను ఒక్క ముక్క రాయను. అందుకు తెరమీద ఒక ఖాళీ పెట్టె పెట్టాను. బావ తన నియమం ఆ పెట్టెలో తనే రాసుకోవాలి.

ఇందులో విశేషం ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. ప్రోగ్రాం రాసేవాడు ముందు మనిషికి అర్థమయ్యే మాటల్లో రాస్తాడు. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. యంత్రానికి ఆ మాటలు తెలియవు కాబట్టి దాని భాషలోకి మార్చాలి. అలా మార్చడాన్ని కంపైల్ చేయడం అంటారు. మామూలుగా ఇదంతా ముందే ముగించి, తప్పులన్నీ దిద్ది, తర్వాతే యంత్రాన్ని నడిపిస్తారు. నా ప్రోగ్రాం అలా కాదు. అది నడుస్తూనే ఉంటుంది. నడుస్తుండగా బావ పెట్టెలో "వారం మంగళం అయితే వద్దు" అని రాస్తాడు. రాసి మీట నొక్కగానే ఆ వాక్యం సోర్స్ కోడ్‌గా మారి, అక్కడికక్కడే కంపైల్ అయి, ప్రోగ్రాంలో ఒక భాగమైపోతుంది. మరుక్షణం నుంచి మంగళవారాలన్నీ మాయం. పరిగెత్తుతున్న రైలుకు, రైలు ఆపకుండా, బోగీ తగిలించడం లాంటిది. ఈ విద్య మీద మా కాలేజీలో ఒక పూట ఉపన్యాసం కూడా ఇచ్చాను. అది తెలివైన విద్య అనుకున్నానే గానీ, బోగీలో ఏముందో చూడకుండా తగిలిస్తున్నానని అనుకోలేదు.

మొదటి రోజే గొడవ. బావ పెట్టెలో రాశాడు, యంత్రం ఒప్పుకోలేదు. మళ్లీ రాశాడు, మళ్లీ ఒప్పుకోలేదు.

"నీ యంత్రానికి నీ బుద్ధులే వచ్చాయోయ్" అన్నాడు బావ.

వెళ్లి చూస్తే ప్రతి నియమానికీ పైన "శ్రీరామ" అని రాసి, తర్వాత నియమం మొదలుపెట్టాడు. చాకలి పద్దుకి కూడా పైన శ్రీరామ రాసే ఇల్లు అది. యంత్రానికి ఆ ఆజ్ఞ అర్థం కాక నిలబడిపోయింది.

"పై మాట తీసెయ్ బావా."

"అది తీసి రాయడానికి నాకు చెయ్యి ఆడదు."

"దానికి అదేమిటో తెలియదు."

"తెలియజెప్పు. నువ్వు మేస్టారువే కదా?"

చివరికి పైన ఆ మాట ఉంటే చూడనట్టు వదిలెయ్యమని యంత్రానికి నేర్పాను. మా అక్క నవ్వి, "చూడనట్టు వదిలెయ్యడం నీకూ నేర్పితే బావుణ్ణురా" అంది.

అక్కడి నుంచి బావకి పట్టపగ్గాల్లేవు. మూఢం వద్దు, శూన్యమాసం వద్దు, వర్జ్యం వద్దు, ఫలానా నక్షత్రానికి ఫలానా లగ్నం వద్దు. అన్నీ యంత్రం కిక్కురుమనకుండా మింగింది. నేను సంతోషించాను. నా చెయ్యి శుభ్రంగా ఉంది, బావ కళ్లు చల్లగా ఉన్నాయి.

ఈ సంతోషం మా మేనకోడలి పెళ్లి కుదిరేదాకా నిలిచింది.

మా మేనకోడలు, అంటే బావ కూతురు, పశువుల డాక్టరు. చీపురుపల్లి వైపు ఒక పల్లెలో పని చేస్తుంది. గజపతినగరం దగ్గర ఒక రైతు కుటుంబంలో గేదె ఈనలేక అవస్థ పడుతుంటే, అక్కడి డాక్టరు సెలవులో ఉండి, ఈ పిల్లకు కబురొచ్చింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి దూడను బయటికి లాగుతున్నప్పుడు లాంతరు పట్టుకున్నట్టు సెల్‌ఫోను లైటు పట్టుకుని నిలబడ్డ కుర్రాడే పెళ్లికొడుకు. వేరే కులం. ఇంత రసహీనమైన చోట మొదలైన ప్రేమను నేను ఇంకెక్కడా వినలేదు. అందుకే అది గట్టిదని నమ్మాను.

రెండిళ్లనూ ఒప్పించడానికి ఆ పిల్ల పడ్డ పాట్లు నాకు తెలుసు. ఒప్పించింది. కానీ పెద్దవాళ్ల ఒప్పుకోలు కాచిన పాలలాంటిది. వెంటనే తాగాలి. ఉంచితే ఏదో ఒక పినతండ్రి వచ్చి అందులో నిమ్మచెక్క పిండుతాడు. అప్పటికే బావ పెదతండ్రి కొడుకు ఒకాయన రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిట్టూర్చి వెళ్లాడు. ఆ వేసవి దాటితే ఈ పెళ్లి జరగదని పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు.

ముహూర్తం పెట్టుకోవడానికి పెళ్లికొడుకు, వాళ్ల పెదనాన్న వచ్చారు. తండ్రి లేని కుర్రాడు, పెదనాన్నే పెద్ద. తెల్ల మీసాలు, భుజాన తువ్వాలు, మంచి గొంతు. బావ ల్యాప్‌టాప్‌ను వసారాలో పీట మీద పెట్టి, ముందు చేతులు కడుక్కుని కూర్చున్నాడు. యంత్రం ఆ వేసవిలో పనికొచ్చే రోజులు కొన్ని చూపించింది.

పెదనాన్న తొంగిచూశాడు. "ఏటి మేస్టారూ, ఇందులో మా ఇంటి రూల్సు కూడా ఎక్కుతాయేటి?"

"ఎవరివైనా ఎక్కుతాయండి" అన్నాను గర్వంగా. అలా గర్వపడ్డ నోటిని ఏం చెయ్యాలి?

"అయితే రాయండి పంతులుగారూ. సనివారం మాకు పడదు."

బావ రాశాడు. శనివారాలు పోయాయి.

"సోమవారం కూడా పడదు. ఏకాదసి అసలే పడదు. మా దగ్గర సంత జరిగే రోజు కూడా వద్దు."

అవన్నీ పోయాయి. బావకి పౌరుషం వచ్చింది. రైతు ఇంట్లో అన్ని నియమాలుంటే ఆలయం ఇంట్లో తక్కువుండటమా? ఎన్నడూ వాడనివి, వాళ్ల తాతగారు చెప్పినవి, తవ్వితీసి ఎక్కించాడు. పెదనాన్న ఒకటి, బావ ఒకటి. యంత్రం మాత్రం దేనికీ అడ్డు చెప్పకుండా ప్రతిదాన్నీ కంపైల్ చేసుకుంటూ పోయింది. చివరికి తెర ఖాళీ అయిపోయింది. ఆ వేసవిలో ఒక్క రోజు కూడా మిగల్లేదు.

"ఈ ఏడు లేకపోతే పై ఏడు సూడమనండి" అన్నాడు పెదనాన్న.

బావ పెట్టెలో "దొరికేదాకా వెతుకు" అని రాశాడు. చెప్పానుగా, ఏం రాసినా వింటుంది. ల్యాప్‌టాప్‌లో ఫ్యాను రొదపెట్టింది. పీట వేడెక్కింది. అక్క కాఫీలు ఇచ్చింది, గ్లాసులు తీసుకెళ్లింది. అప్పుడు తెరమీద ఒక తేదీ వెలిగింది.

బావ ముఖం విప్పారింది. "ఆహా! దివ్యమైన ముహూర్తం! గురుబలం, చంద్రబలం, ఒక్క దోషం లేదు. నా జన్మలో ఇలాంటిది పెట్టలేదు."

"సంవత్సరం చదువు బావా" అన్నాను.

చదివాడు. అప్పటికి పెళ్లికొడుక్కి డెబ్బై దాటతాయి.

పెదనాన్న కాసేపు లెక్కవేసి, "అప్పటికి నేనుండను" అన్నాడు.

పెళ్లికొడుకు ఆ రోజంతటికీ నోరు తెరిచింది అప్పుడే. "నేనూ ఉంటానో లేదో పెదనాన్నా" అన్నాడు.

మళ్లీ ఆదివారం కూర్చుందామని వాళ్లు లేచారు. వాళ్ల ఆటో మలుపు తిరగకముందే మా మేనకోడలు నన్ను పెరట్లోకి లాగింది.

"మావయ్యా, నీ మిషన్ నా పెళ్లి ఆపేసింది."

"నా మిషన్ కాదే, మీ నాన్న నియమాలూ, వాళ్ల నియమాలూ."

"అయితే ఒక పని చెయ్యి. లోపల ఒక్క లైను మార్చు. వాళ్లేం రాసినా 'సరే' అని, మే నెలలో ఏదో ఒక రోజు చూపించేలా. ఎవరికీ తెలియదు."

"అబద్ధం చెప్పే యంత్రం చెయ్యను. బయటపడితే రేపు నా మాట ఎవడు వింటాడు?"

"సరే. నువ్వు నీ సిద్ధాంతం దాచుకో. నేను నా పెళ్లి పోగొట్టుకుంటాను."

"అది కాదు..."

"ఏది కాదు? గేదె నొప్పులు పడుతుంటే నేను ముహూర్తం అడిగానా? ఎందుకు అరుస్తోందో చూశాను. నువ్వు అది కూడా చూడవు. అడిగితే 'నేను పెట్టె మాత్రమే చేశాను' అంటావు. మీ నాన్న, మా తాతయ్య కూడా అంతే అనేవాడు, 'నేను ఆచారం మాత్రమే పాటించాను' అని. మీ ఇద్దరికీ తేడా ఏమిటి, ఆయనకు పిలక ఉండేది, నీకు లేదు!"

సభల్లో నన్ను మఠాధిపతుల శిష్యులు తిట్టారు. వాళ్లకు వెంటనే జవాబు చెప్పాను. ఈ పిల్ల అన్నది మాత్రం నిజం. నా చెయ్యి శుభ్రంగా ఉంచుకోవడం కోసం, ఎవడేం చెప్పినా ప్రశ్నించకుండా అమలుచేసే ఒక పరమ భక్తుణ్ణి నేను తయారుచేశాను. నేను పోరాడుతున్నది అలాంటి భక్తుల మీదేనాయె.

అబద్ధం లేకుండా చెయ్యగలిగింది ఒకటే కనబడింది. నియమం రాసి మీట నొక్కగానే కంపైల్ చేసెయ్యకుండా యంత్రం ఒకసారి ఆగుతుంది. "ఎందుకు?" అని అడుగుతుంది. కింద కొంచెం చోటు ఉంటుంది. రాసినవాడు అక్కడ కారణం రాయాలి, రాసి అందరికీ వినబడేలా చదవాలి. కారణం మంచిదా చెడ్డదా అని యంత్రం చూడదు, దానికి ఆ తెలివి లేదు. ఏదో ఒకటి రాస్తే చాలు, నియమం ఎక్కుతుంది. పాత నియమాలకూ అదే పద్ధతి. కారణం చెప్పలేకపోతే నడుస్తుండగానే తీసెయ్యవచ్చు.

ఆదివారం అందరూ మళ్లీ వసారాలో కూర్చున్నారు. బావ మంగళవారం దగ్గర మొదలుపెట్టాడు. యంత్రం "ఎందుకు?" అంది. బావ నా వైపు ఒక చూపు చూసి, "శాస్త్రం" అని రాసి చదివాడు.

నేను నోరు తెరవబోయాను. మేనకోడలు నా కాలు తొక్కింది. నా బదులు పెదనాన్న అడిగాడు.

"సాస్త్రం సరే పంతులుగారూ. అది ఎందుకలాగ సెప్పినాది?"

"ఎందుకంటే... చెప్పింది. పెద్దల మాట."

"తెలుసుకోవాలనే అడుగుతన్నానండి, తప్పట్టుకోకండి. మా ఊర్లో ఎరువు కొట్టోడు ఇలాగే సెప్తాడు, ఏసీండి అంటాడు, ఎందుకో సెప్పడు."

బావకి కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. ఇన్నేళ్లలో తనచేత పెళ్లిళ్లు చేయించుకున్న యజమానుల్లో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. "మీ సంత రోజు సంగతి చెప్పండి ముందు" అన్నాడు.

"అదా? మా తాత పెల్లినాడు సంతంట. బళ్లన్నీ సంతకెల్లిపోనాయి. పెల్లికూతురు నడిసొచ్చినాది. ఆ రోజుకాడి నుంచీ వద్దనుకున్నాం."

"ఇప్పుడు బళ్లెక్కడున్నాయి?"

"లేవు. ఆటోలున్నాయి." పెదనాన్న మీసం నిమురుకున్నాడు. "తీసీండి దాన్ని."

బావ తీశాడు. సంత రోజులన్నీ తెరమీదికి తిరిగొచ్చాయి. పెదనాన్న ఉత్సాహపడి, "భలేగున్నాది! తీస్తే వచ్చేస్తన్నాయి!" అన్నాడు. బావ కూడా పట్టుదలకు ఎక్కించినవి కొన్ని కారణం రాయలేక తనే తీసేశాడు. ఒకటి తీస్తూ, "ఇది మా తాతగారు ఎందుకు చెప్పారో... ఆయనకి ఆ రోజుల్లో కీళ్లనొప్పులు ఎక్కువగా ఉండేవి" అని గొణిగాడు.

అయినా చిక్కు తీరలేదు. ఇంకా శనివారం, సోమవారం, ఏకాదశి మిగిలాయి. బావ పంచాంగానికి సరిపడ్డ రోజులన్నీ వాటిమీదే పడుతున్నాయి. ఆ మూడింటికీ యంత్రం "ఎందుకు?" అని అడిగితే పెదనాన్న, "మా ఇంటాచారం అంతేనండి, అలాగ రాసీండి" అంటున్నాడు తప్ప ఇంకో మాట లేదు. ముఖం మాత్రం ఎర్రబడింది.

లోపలి నుంచి మా అక్క బయటికొచ్చింది. చేతిలో గరిటె. "అన్నయ్యగారూ, అడగొచ్చో లేదో. అన్నీ మీరు నీసు తినని రోజులే కదూ?"

పెళ్లికొడుకు నేలచూపులు చూశాడు. పెదనాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"సెల్లెమ్మా, ఇంకేటి దాయడం. పెల్లి మీ ఇంట్లో, మీ పద్ధతిలో. మాకది గొప్పే. కానీ మావోళ్లు ఆ సాయంత్రం మా ఊరొచ్చి పప్పన్నం తిని లెగిసిపోతారేటి? నన్ను బతకనిత్తారా? 'పంతుళ్లకి వియ్యపోడయ్యాడు, మేకని మర్సిపోనాడు' అంటారు. అలాగని పెల్లినాడే మా వాకిట్లో మేకని కోస్తామని పంతులుగారి ముందు ఏ మొకం పెట్టుకు సెప్పను? అందుకే ఆచారం అన్నాను."

"మర్నాడు పెట్టుకోండి మావయ్యా" అంది మా మేనకోడలు. "పెళ్లి శనివారం. విందు ఆదివారం."

తన గేదె బతికిన రోజు ఎలా చూసి ఉంటాడో, పెదనాన్న ఆ పిల్లవైపు అలా చూశాడు. "అది నాకెందుకు తట్టలేదు!" అని తొడ చరిచాడు. "తీసీండి పంతులుగారూ, సనివారం తీసీండి. తీసీండి మొత్తం!"

బావ తియ్యలేదు. వేళ్లు మీటల మీద ఉన్నాయి, కదలడం లేదు. శనివారాలు వస్తే మే నెలలో దగ్గరి తేదీ వచ్చేస్తుంది. దానికి అడ్డుగా ఆయన నియమం ఒకటి ఇంకా ఉంది: పెళ్లిళ్లు జోరుగా ఉండే పెద్ద ముహూర్తం రోజే కావాలి, వేరే రోజు వద్దు. యంత్రం దాని కింద "ఎందుకు?" అని వెలిగి, ఎదురుచూస్తోంది. ఆయన రాయలేదు, నోటితోనే చెప్పాడు.

"ఆ రోజైతే మా పురోహితులందరికీ పని ఉంటుంది. ఎవరూ రారు. చూడరు." మీటల మీంచి చెయ్యి తీశాడు. "వేరే కులానికి పిల్లనిస్తుంటే చూస్తే, తర్వాత నన్నెవరు పిలుస్తారోయ్ పెళ్లిళ్లకి? నాకు ఇంకో విద్య రాదు."

పాతికేళ్లుగా ఈయనతో వాదిస్తున్నాను. ఆత్మ ఉందా లేదా అని గొంతులు చించుకున్నాం. బావ దేనికి భయపడుతున్నాడో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "మా ఊరు పిలుస్తాదండి. మా పక్కూరు కూడా పిలుస్తాది, నేను సెప్తే. కానీ బావగారూ, ఒక్క మాట. మా పెల్లిళ్లలో ఆ మంత్రాలకి అర్తం కూడా సెప్పాల. మీ మిసను అడిగినట్టే మావోళ్లూ అడుగుతారు."

"బావగారూ" అన్న పిలుపు విని మా అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ శనివారం నియమాన్నీ, తన నియమాన్నీ తీసేశాడు. యంత్రం మే నెలలో ఒక శనివారం చూపించింది. బావ వెంటనే ఒప్పుకోలేదు, పాత పంచాంగం కూడా తిరగేసి, "శనివారం మధ్యమం. మధ్యాహ్నం అభిజిత్ లగ్నం ఉంది. మధ్యమం అంటే తప్పు కాదు" అని తేల్చాడు. రిజిస్ట్రారు ఆఫీసుకి ఏ రోజైనా ఒకటేనని నేను గుర్తుచేశాను. నా మాట ఎవరూ వినిపించుకోలేదు.

పెళ్లి ఆ శనివారమే జరిగింది. గుమ్మంలో నిట్టూర్చి వెళ్లిన ఆయన కూడా వచ్చి, నిట్టూరుస్తూనే రెండోసారి పులిహోర వేయించుకున్నాడు. ఆదివారం విందుకి బావ వెళ్లి, విడిగా వండించిన పప్పన్నం తిని, మేక సంగతి ఎత్తకుండా వచ్చాడు. నా లెక్కలో అదొక విప్లవం. నేను మేకా తిన్నాను, బావ చెప్పిన మంత్రాల అర్థాలూ విన్నాను. కొన్నింటికి నవ్వొచ్చింది, కొన్నింటికి రాలేదు.

యంత్రం ఇప్పటికీ బావ దగ్గరే ఉంది. మొన్న ఫోను చేశాడు.

"ఏవోయ్, ఆ 'ఎందుకు' తీసెయ్యి. జనం బెదిరిపోతున్నారు. ఒకాయన నియమం చెప్పి, కారణం అడిగేసరికి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు."

"తియ్యను బావా."

"తియ్యవని తెలుసులే. అడిగాను." మళ్లీ తనే, "ఇంకొకాయన కూర్చుని ఏడ్చాడు. కూతుర్ని దూరం పంపడం ఇష్టం లేదట, అందుకని తిథులు చెబుతున్నాడు" అన్నాడు.

ఇదీ సంగతి. మీ ఇంట్లో కూడా తిథి వంకతోనో, కులం వంకతోనో, "మనకి పడదు" అన్న ముక్కతోనో ఎవరి పెళ్లో, ఎవరి చదువో ఆగి ఉంటుంది. ఈ పేజీ అక్కడ పెట్టి లేవండి. దాన్ని ఆపుతున్న పెద్దమనిషి ఎదురుగా వెళ్లి కూర్చోండి. తేదీ అడక్కండి, శాస్త్రం అడక్కండి, నాలాగా ఉపన్యాసం ఇవ్వకండి. "ఎందుకు?" అని ఒక్కటే అడగండి. జవాబు వచ్చేదాకా కదలకండి. వచ్చాక, ఆగిపోయిన ఆ పెళ్లి చెయ్యండి, ఆ చదువు చదివించండి.